ఇరవై డిగ్రీల గది

ఎవరింట్లో వాళ్ళు బీరు తయారుచేసుకోవచ్చని ప్రభుత్వం అనుమతించిన రోజున, ఆ పథకం పేరు పేపర్లో రెండు వరసలు పట్టింది. నల్లబండపాడులో ఆ పేరు మొత్తం తప్పుల్లేకుండా పలకగలిగినవాడు ఒక్కడే ఉండేవాడు. ఆయన కూడా అందుకే జీతం తీసుకునేవాడు. మిగతా ఊరు ఇంటిబీరు పథకం అని ఊరుకుంది.

పథకం అన్నాక నిబంధనలు కావాలి. వాటికోసం ఏడుగురు అధికారులు పదకొండు రోజులపాటు ఒక చలిదేశం వెళ్ళారు. అక్కడ ఓ ముసలాయన వంటింటి పక్కగదిలో బకెట్టు పెట్టుకుని బీరు పులియబెట్టుకుంటున్నాడు. ఎలా చేస్తావయ్యా అని అడిగితే, ఏముంది, గదిలో పెట్టి మరిచిపోతాను అన్నాడట. ఏడుగురిలో ఒకాయన దగ్గర థర్మామీటరుంది. ఆ గదిలో సరిగ్గా ఇరవై డిగ్రీలుంది. అది రాసుకుని, మిగిలిన తొమ్మిది రోజులూ చూడవలసినవన్నీ చూసుకుని తిరిగొచ్చారు. ఆ విధంగా పదిహేడో నిబంధన పుట్టింది.

"కిణ్వన పాత్రను పద్నాలుగు దినములపాటు గదిలో ఉంచవలెను. గది అనగా నాలుగు గోడలును, పైకప్పును, ఇరవై డిగ్రీల ఉష్ణోగ్రతయును గల ప్రదేశము."

నల్లబండపాడు రాతి క్వారీల ఊరు. ఇళ్ళన్నీ నల్లరాయితో కట్టినవే. పగలంతా మింగిన ఎండని ఆ గోడలు తెల్లవార్లూ కక్కుతూ ఉంటాయి. ఏప్రిల్ వచ్చిందంటే నలభై నాలుగు. ఆ ఊళ్ళో ఇరవై డిగ్రీలు చూసినవాళ్ళు లేకపోలేదు, కాకపోతే ఏసీ రిమోటు మీద చూశారు.

ఆ ఊళ్ళో పథకానికి దరఖాస్తు పెట్టిన ఏకైక మనిషి తాళ్ళూరి అంకినీడు. డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్ళు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాడు. అన్నేళ్ళూ ఆయన స్టాండ్లు బిగించాడు, గాజుగొట్టాలు కడిగాడు, సీసాలకి చీటీలు అంటించాడు. ప్రయోగం మాత్రం ఒక్కటీ చేయలేదు. ప్రయోగం పిల్లలు చేసేవారు, ఫలితం మేష్టార్లు చూసేవారు, మిగిలింది సింకులో పారబోయడం ఈయన వంతు. తన చేత్తో మొదలుపెట్టి తన కళ్ళతో చివరిదాకా చూసే ప్రయోగం ఒక్కటైనా చేయకుండా పోతానేమోనన్న దిగులు ఆయనకి లోపల్లోపల ఉండేది. బీరు మీద ఆయనకి గొప్ప మోజేమీ లేదు. అది ఇంట్లో చేయదగ్గ ప్రయోగం కాబట్టి పట్టుకున్నాడు.

భార్య నాంచారమ్మ ఓ పట్టాన ఒప్పుకోలేదు. ఆఖరికి వేలు చూపించి చెప్పింది.

"ఒక్కసారే. ఒక్కసారంటే ఒక్కసారే. అది చెడిపోయిందనుకోండి, ఆ బకెట్లో నేను బట్టలు నానేసుకుంటా. మళ్ళీ ఈ ఇంట్లో ఆ మాట ఎత్తడానికి లేదు."

"చెడిపోకపోతే?"

"అప్పుడు చూద్దాం."

ఆ ఇంట్లో అప్పుడు చూద్దాం అంటే సరేనని అర్థం. అంకినీడు ఆ రోజే సామాను తెప్పించాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, హాప్స్ అనే చేదు పువ్వులు, పొట్లంలో ఈస్టు, గాలి బయటికి పోవడానికి మూతకి గొట్టం అమర్చిన ఇరవై అయిదు లీటర్ల తెల్ల బకెట్టు. పుస్తకం ముందు పెట్టుకుని బార్లీ నీళ్ళు మరిగించాడు, వడగట్టాడు, చల్లార్చాడు, ఈస్టు చల్లాడు. సమస్యంతా ఆ తర్వాతే ఉందని పుస్తకంలో నాలుగుచోట్ల రాసుంది. ఈస్టు ప్రాణమున్నది. ఇరవై దగ్గర నిదానంగా పని చేస్తుంది. పాతిక దాటితే వెర్రెత్తినట్టు పని చేసి, గోళ్ళరంగు వాసన పుట్టిస్తుంది. మరీ చల్లబడితే ముడుచుకుని పడుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, పని చేస్తున్నప్పుడు దాని ఒంటి వేడి దానికే పుడుతుంది కాబట్టి, గది ఎంతున్నా బకెట్టులోది మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. చూడవలసింది గదిని కాదు, బకెట్టుని.

ఇదంతా ఆయన భార్యకి వివరించబోతే ఆవిడ మధ్యలోనే ఆపింది.

"ఎండాకాలం దోసెలపిండి తెల్లారేసరికి గిన్నె దాటి గట్టెక్కదూ? నాకు చెప్పొస్తున్నారు."

పిండిగిన్నెకి ఆవిడ చేసేదే ఆయన బకెట్టుకి చేశాడు. పెద్ద టబ్బులో నీళ్ళు పోసి అందులో బకెట్టు దించాడు. తడి గోనెపట్టా చుట్టి ఫ్యాను పెట్టాడు. పూటకి రెండు చొప్పున ఫ్రిజ్జులో గడ్డకట్టిన నీళ్ళసీసాలు టబ్బులో వేశాడు. బకెట్టు పక్కన అంటించిన చిన్న థర్మామీటరు పట్టీ ఇరవై మీదకొచ్చి నిలబడింది. రెండోరోజు పొద్దున్న గొట్టంలోంచి గుబుక్కుమని మొదటి బుడగ వచ్చింది. అంకినీడు చిన్నపిల్లాడిలా భార్యని కేకేశాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, తనకేమీ పట్టనట్టు నిలబడి, పదకొండు బుడగలు లెక్కపెట్టి వెళ్ళింది.

మూడోరోజు ఇన్‌స్పెక్టర్ దావీదు తనిఖీకి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, నిబంధనల పుస్తకం దిండులాగా చంకలో పెట్టుకు తిరిగేవాడు. గది మధ్యలో నిలబడి థర్మామీటరు పైకెత్తి పట్టుకున్నాడు.

"నలభై ఒకటండీ."

"గది నలభై ఒకటి బాబూ. బకెట్టు చూడు, ఇరవై ఉంది," అన్నాడు అంకినీడు గర్వంగా.

"బకెట్టు సంగతి రూల్లో లేదండి. గది ఇరవై ఉండాలి."

"గదిని ఇరవై ఎట్టా చేస్తాం? ఈ ఊళ్ళో ఏ గదైనా ఇంతేగా!"

దావీదు పుస్తకం తెరిచి, పదిహేడో నిబంధన రెండుసార్లు చదువుకుని, చుట్టూ చూశాడు. గోడలు లెక్కపెట్టాడు. నాలుగున్నాయి. పైకప్పు ఉంది. పెన్ను తీసి బాధగా రాసుకున్నాడు.

"ఏమీ అనుకోబాకండి సార్. రూలు ప్రకారం ఇది గది కాదు."

నాంచారమ్మ వంటింట్లోంచి వచ్చింది. "గది కాదంటే? ఇరవయ్యేళ్ళ బట్టీ ఇందులోనే పడుకుంటన్నాం!"

"పడుకోడానికి అభ్యంతరం లేదండమ్మా. బీరు పులియబెట్టడానికి మాత్రం ఇది గది కాదు." తర్వాత గొంతు తగ్గించి, సాయం చేస్తున్నవాడిలా అన్నాడు. "మొన్నట్నుంచీ ఊరంతా తిరిగి కొలిచానండి. మన ఊళ్ళో గది అనేది ఒక్కటే ఉంది. మా సారు గది."

ఆ సాయంత్రమే బకెట్టు జీపెక్కింది. తడి గోనెపట్టా కూడా తెస్తానని అంకినీడు వెంటపడ్డాడు. ఇరవై డిగ్రీల గదిలోకి వెళ్ళే వస్తువుకి అదనపు శీతలీకరణ సామగ్రి అనవసరమని దావీదు దాన్ని గుమ్మంలోనే వదిలించాడు.

పథకం పేరు పూర్తిగా పలకగలిగిన ఆ ఒక్కడూ పర్యవేక్షణాధికారి వక్కలగడ్డ సదాశివం. ఆయనలో చెడ్డతనం వెతికినా దొరకదు. ఫైలు మీద మరక పడితే ఆ పూట అన్నం సయించదు. బకెట్టుని ఆయన లేచి నిలబడి ఆహ్వానించాడు.

"అంకినీడుగారూ, మీరిక నిశ్చింతగా ఉండవచ్చు. ఈ క్షణం నుంచి ఈ పాత్ర శాఖ సంరక్షణలో ఉన్నది. ఇందులోని ప్రతి బిందువు యొక్క ఉష్ణోగ్రతకూ నాది పూచీ."

మర్నాడు పది గంటలకి అంకినీడు వెళ్ళేసరికి ఏసీ మీద ఇరవై వెలుగుతోంది. బకెట్టు మీది పట్టీ మాత్రం ఇరవై నాలుగు చూపిస్తోంది. ఈస్టు వేడి సంగతి ఆయన విడమరిచి చెప్పాడు. సదాశివం శ్రద్ధగా విన్నాడు.

"ఇరవై డిగ్రీల గదిలో ఉంటూ ఒక వస్తువు ఇరవై నాలుగు డిగ్రీలు ప్రదర్శించడం క్రమశిక్షణా రాహిత్యం. దీనికి బాహ్య కారణం ఉండి తీరాలి," అన్నాడు.

బాహ్య కారణం కోసం మధ్యాహ్నం దాకా వెతికారు. మనిషి ఒళ్ళు ముప్పై ఏడు డిగ్రీలుంటుందని దావీదుకి గుర్తొచ్చింది. రెండు గంటలకి సర్క్యులర్ వెలువడింది. ఉష్ణజనక వ్యక్తులెవరూ సదరు గదిలోకి ప్రవేశించరాదు. అర్జీలు పట్టుకొచ్చినవాళ్ళని కిటికీ దగ్గర ఆపారు. మూడు గంటలకి అటెండరుని బయటికి పంపారు. మూడున్నరకి సదాశివం తనని తాను థర్మామీటరుతో చూసుకున్నాడు. ముప్పై ఏడు వచ్చింది. ఒక్క నిమిషం ఆలోచించి, తన కుర్చీ తానే మోసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. నలభై మూడు డిగ్రీల వడగాలిలో, కాగితాల మీద రాళ్ళు పెట్టుకుని, ఆయన పని చేసుకోవడం చూసి అంకినీడుకి కోపం రావలసింది పోయి జాలేసింది.

ఐదు కాగానే అటెండరు వచ్చి ఏసీ కట్టేశాడు.

"అయ్యో, కట్టేస్తున్నావేంది?" అన్నాడు అంకినీడు.

"ఇవాళే వచ్చిన విద్యుత్ పొదుపు ఉత్తర్వు," అన్నాడు సదాశివం, కుర్చీ మడుస్తూ. "కార్యాలయ వేళల తర్వాత ఏసీ నడపరాదు."

"ఐదు తర్వాత గది వేడెక్కుద్ది గదండీ!"

"ఐదు తర్వాత ఈ గదికి ఉష్ణోగ్రత ఉండదు అంకినీడుగారూ. ఉష్ణోగ్రత నమోదు కార్యాలయ వేళలకే పరిమితం."

మర్నాడు పొద్దున్న బకెట్టు ముప్పై నాలుగు చూపించింది. గొట్టం గుక్కతిప్పుకోకుండా బుడగలు కక్కుతోంది. మూత చుట్టూ లేతగా గోళ్ళరంగు వాసన. అంకినీడు ఓ కాగితం అడిగి తీసుకున్నాడు. అక్కడే వరండాలో కూర్చుని అర్జీ రాశాడు. గది ఉష్ణోగ్రతకీ ద్రవం ఉష్ణోగ్రతకీ తేడా ఉంటుందనీ, పరిగణించవలసింది ద్రవాన్నేననీ, దయతో ఆ ప్రకారం చేయవలసిందనీ సగం పేజీలో వివరించాడు.

ఆ అర్జీ మంజూరైంది. అంకినీడు జీవితంలో ప్రభుత్వం వెంటనే మంజూరు చేసిన అర్జీ అదొక్కటే. అదే ఆయన కొంప ముంచింది.

ద్రవాన్ని పరిగణించాలంటే ద్రవాన్ని కొలవాలి, కొలవాలంటే మూత తియ్యాలి. రోజుకి రెండుసార్లు, ఆఫీసు తెరిచినప్పుడూ మూసేటప్పుడూ, దావీదు ప్రత్యేక అనుమతితో లోపలికెళ్ళి, మూత తీసి, జేబులో రెండు పెన్నుల మధ్య ఉండే థర్మామీటరుని బకెట్టులో ముంచేవాడు. అసలు మూత తియ్యకూడదు బాబూ, గాల్లో ఉన్న క్రిములన్నీ అందులో పడతాయి అని అంకినీడు మొత్తుకుంటే, కొలవమని రాసిచ్చింది మీరేగా సార్ అని అర్జీ చూపించేవాడు.

పొద్దున్న ముప్పై నాలుగు తప్పడం లేదు. సదాశివం రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. మూడోరోజు ఆయన మొహం వెలిగిపోయింది.

"సగటు! నిబంధనలో ఇరవై ఉండవలెనని ఉన్నదే గాని, ప్రతి క్షణమూ ఉండవలెనని లేదు. ప్రాతఃకాల నమోదు ముప్పై నాలుగు. సాయంకాల నమోదు ఎంత ఉంటే సగటు ఇరవై అవుతుంది?"

దావీదు వేళ్ళు మడిచాడు. "ఆరండి."

"ఆరు సాధించండి."

మర్నాటినుంచి చేపల మార్కెట్టు నించి రిక్షాలో ఐసు దిమ్మలు దిగాయి. వాటికి అదనపు శీతలీకరణ సామగ్రి అనే పేరు పనికిరాదు కాబట్టి, సగటు సర్దుబాటు దిమ్మలు అని రిజిస్టర్లో రాశారు. అంతకుముందు రోజుల పేజీల్లో గది ఉష్ణోగ్రత ఇరవయ్యే ఉంచారు. మధ్యాహ్నం నుంచి బకెట్టుని ఆ దిమ్మల మధ్య పాతేసేవారు. ఐదయ్యేసరికి ఆరు డిగ్రీలకి దించేవారు. ఐదు దాటాక ఐసు తీసేసి, ఏసీ కట్టేసి, తాళం వేసి వెళ్ళిపోయేవారు. పొద్దున్నకి మళ్ళీ ముప్పై నాలుగు. పగలు చలికి వణికి, చీకటి పడ్డాక జ్వరమొచ్చినట్టు ఉడికిపోతున్న ఈస్టుని తలుచుకుంటే అంకినీడుకి ముద్ద దిగేది కాదు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"ఎట్టా ఉంది?" అని అడిగేది నాంచారమ్మ.

"ఇరవై," అనేవాడు.

ఆవిడ ఆయన మొహం చూసేది.

శాఖ సంరక్షణలో పద్నాలుగో రోజున వరండాలో షామియానా వేశారు. రాష్ట్రం మొత్తం మీద పద్నాలుగు దినాలూ ఇరవై డిగ్రీలు తప్పని పాత్ర ఇదొక్కటేనని పైనుంచి అభినందన వచ్చింది. రిజిస్టరుకి పూలదండ వేశారు. సదాశివం ఎండకి నల్లబడి, పెదాలు పగిలి, చిక్కిపోయి ఉన్నాడు గాని, కళ్ళలో తృప్తి ఉంది. నాంచారమ్మ పట్టుచీర కట్టుకోలేదు, అలాగని రాకుండానూ ఉండలేదు. గుమ్మం పక్కన నిలబడింది.

"ఉష్ణోగ్రతా నిర్వహణ చరిత్రలో ఇది సువర్ణాక్షరాలతో లిఖించదగిన దినం," అన్నాడు సదాశివం. "తయారీదారు రుచిచూసి, సంతృప్తికరం అని ఈ పత్రం మీద సంతకం చేయుట లాంఛనం. తదుపరి శాశ్వత లైసెన్సు అందజేయబడుతుంది."

బంగారు అంచున్న లైసెన్సు దావీదు చేతిలో మెరుస్తోంది. అది ఒకటి చేతికొస్తే, చెడిపోలేదని ప్రభుత్వమే రాసిచ్చినట్టు. నాంచారమ్మ ముందు పెడితే, అప్పుడు చూద్దాం అన్న మాట ఆవిడ నిలబెట్టుకోక తప్పదు. ఒక్క మాట, ఒక్క సంతకం. అంకినీడు గ్లాసు అందుకున్నాడు. ముక్కు దగ్గరికి తేగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది ఘాటుకో, దుఃఖానికో ఆయనకే తెలియదు. ఒక గుక్క తాగాడు. వెనిగర్లో గోళ్ళరంగు కలిపినట్టుంది.

అందరూ చూస్తున్నారు. పెన్ను మూత తీసి దావీదు అందించాడు.

ఫలితం తారుమారు చేసి రాసిన పిల్లల రికార్డు పుస్తకాలు అంకినీడు వేలల్లో చూశాడు. మేష్టారికి కావలసిన అంకె ముందే వేసుకుని, ప్రయోగం తర్వాత చేసేవారు. వాళ్ళని చూసి నవ్వుకునేవాడు. ఇన్నేళ్ళకి తన చేతికో ప్రయోగం దొరికింది. దాని మీద కూడా అబద్ధం రాస్తే ఇక తనకంటూ మిగిలేదేముంది? పెన్ను తిరిగి ఇచ్చేశాడు.

"చెడిపోయిందండీ," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "బీరు చెడిపోయింది."

సదాశివం చాలాసేపు రిజిస్టరు తిరగేశాడు. పద్నాలుగు పేజీలు, పద్నాలుగు ఇరవైలు, ఒక్క కొట్టివేత లేదు.

"అసంభవం. ఇరవై డిగ్రీల వద్ద ఉంచిన బీరు చెడిపోదని నిబంధనల పీఠికలోనే ఉన్నది."

"పోనీ మీరు రుచి చూడండి."

"రుచి మా శాఖ పరిధిలోనిది కాదు." ఆయన కళ్ళు మూసుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్నవాడిలా ఆలోచించాడు. "ఇరవై డిగ్రీల వద్ద బీరు చెడిపోదు. ఇది ఇరవై డిగ్రీల వద్ద ఉన్నది. ఇది చెడిపోయినది. కాబట్టి..." కళ్ళు తెరిచాడు. మొహంలో మళ్ళీ వెలుగు వచ్చింది. "కాబట్టి ఇది బీరు కాదు. దావీదూ, రాయండి."

దావీదు రాశాడు. పైన ఉదహరించిన పాత్రలోని ద్రవము బీరు కానందునను, సదరు పాత్ర తప్ప అన్య పాత్ర ఏదియు లేనందునను, శ్రీ తాళ్ళూరి అంకినీడు ఇంతవరకు బీరు తయారుచేయనేలేదని నిర్ధారించడమైనది. శాఖకు సంబంధం లేని ద్రవమును ఇరవై నాలుగు గంటలలో తొలగించవలసినది. కింద సంతకం, గుండ్రటి సీలు.

బంగారు అంచు కాగితాన్ని మళ్ళీ బీరువాలో పెట్టారు. సదాశివం పద్నాలుగు రోజుల తర్వాత తన గదిలోకి తన కుర్చీతో వెళ్ళాడు.

అంకినీడు రిక్షాలో బకెట్టు ఇంటికి తెచ్చి, మురుగు కాలవలో ఒంపేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన పనే. అయినా ఇవాళ చెయ్యి బరువెక్కింది. బకెట్టు కడిగి, ఎవరూ చెప్పకముందే తీసుకెళ్ళి బట్టలుతికే బండ పక్కన బోర్లించాడు. మాటంటే మాటే. తర్వాత అరుగు మీద కూలబడి ఏడ్చాడు. పెద్ద ఏడుపేమీ కాదు, కండువాతో తుడుచుకుంటే పోయేదే.

నాంచారమ్మ ఆర్డరు కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా చదివింది. చదివి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఏవండీ, మీరు ఇంతవరకు చేయనేలేదని రాశారే."

"వాళ్ళ తెలివి అట్టా ఏడ్చిందిలే."

"తెలివి సంగతి నాకెందుకు. గుండ్రసీలు కూడా ఏశారు." ఆవిడ కాగితం జాగ్రత్తగా మడిచింది. "నేను ఒప్పుకుంది ఒక్కసారికి. ఆ ఒక్కసారి ఇంకా కాలేదని గవర్నమెంటే రాసిచ్చిందిగా."

అంకినీడు తలెత్తి చూశాడు. ఆవిడ నవ్వడం లేదు.

"గుమ్మంలో నిలబడితేనే వాసన కొట్టింది నాకు," అంది. "అది బాగుందని గాని మీరు సంతకం పెట్టుంటే, ఈపాటికి ఆ బకెట్లో దుప్పట్లు నానుతా ఉండేయి."

అని లోపలికి వెళ్ళిపోయింది. అంకినీడు లేచి, కొత్త దరఖాస్తు ఫారం తీసుకుని, కళ్ళు తుడుచుకుని రాయడం మొదలుపెట్టాడు. బీరు తయారీలో పూర్వానుభవం గలదా అన్న నాలుగో గడిలో 'లేదు' అని రాసి, ఉత్తర్వు నకలు జతచేయడమైనది అని దాని కింద వినయంగా చేర్చాడు.